టెక్సస్‌లో పొగ పరీక్ష అక్కర్లేని పాత మియాటా కారు కాలిఫోర్నియా వెళ్తే?

టెక్సస్‌లోని ఫ్రిస్కో నుంచి రాసిన ఈ పాఠకుడు తన పేరు వేయొద్దన్నారు. వయసు నలభై రెండు, సొంతూరు తెనాలి దగ్గర. తొమ్మిదేళ్ళ కిందట, మొదటిసారి చేతికొచ్చిన పెద్ద బోనస్‌తో 1993 మోడల్ మాజ్డా మియాటా కొనుక్కున్నారు. ఎర్రటి కారు, రెండే సీట్లు, స్విచ్ నొక్కితే హెడ్‌లైట్లు పైకి లేచే రకం. వాళ్ళ నాన్నగారు అమెరికా వచ్చినప్పుడు టాప్ దించి ఊరంతా తిప్పారట. పెద్దాయన కండువా గాలికి ఎగిరిపోతే కారు ఆపి, రోడ్డు పక్కన గడ్డిలో వెతికి తెచ్చుకున్నారు. ఆయన ఇప్పుడు లేరు.

కారుకు టెక్సస్ యాంటిక్ ప్లేట్లు, అంటే పాత కార్లకిచ్చే ప్రత్యేక నంబరు ప్లేట్లు, ఉన్నాయి. పద్నాలుగు వేల డాలర్లకు కలెక్టర్ ఇన్సూరెన్స్, అంటే సరదాకి దాచుకునే పాత కార్లకిచ్చే పాలసీ, ఉంది. ఏడాదికి మూడు వేల మైళ్ళలోపు, సరదాకి మాత్రమే నడుపుతానని పాలసీ తీసుకునేటప్పుడు చెప్పారు, అన్నాళ్ళూ అలాగే నడిపారు కూడా. ఏడు నెలల కిందట వాళ్ళు రోజూ వాడే కామ్రీ కారు ప్రమాదంలో పూర్తిగా పాడైపోయింది. భార్య సీఆర్‌వీలో హాస్పిటల్ డ్యూటీకి వెళ్తారు. ఇంకో కారు తర్వాత చూద్దాంలే అనుకుని ఈయన రోజూ మియాటాలోనే ఆఫీసుకు వెళ్తున్నారు. ఈలోపు ఉద్యోగం కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌కు మారింది. నెలన్నరలో వెళ్ళాలి.

స్నేహితుల్లో ఒకరు, కలెక్టర్ ఇన్సూరెన్స్ కాగితం చూపిస్తే కాలిఫోర్నియాలో స్మాగ్ చెక్, అంటే అక్కడి పొగ పరీక్ష, ఉండదన్నారు. ఇంకొకరు, పాత కార్లకు కాలిఫోర్నియా ఇచ్చే హిస్టారికల్ ప్లేటు తీసుకుంటే చాలన్నారు. మూడో ఆయన, "ఫ్రిస్కోలో నా అడ్రస్ మీద టెక్సస్ ప్లేట్లే ఉంచుకో, ఎవరడుగుతారు?" అన్నారు. పాత ఓనరు పెట్టించిన హెడర్ (ఇంజన్ నుంచి పొగను బయటికి తెచ్చే గొట్టాలు), కోన్ ఫిల్టర్ (గాలిని వడగట్టేది), ఎక్కడో చవగ్గా కొన్న క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగను శుభ్రం చేసేది) కారులో ఉన్నాయి. కోన్ ఫిల్టర్ స్థానంలో మొదట ఉన్న ఒరిజినల్ ఎయిర్ బాక్స్ మాత్రం గ్యారేజీ అటక మీద అట్టపెట్టెలో భద్రంగా ఉందట. భార్య అమ్మేయమంటున్నారు. ఆమె అన్న మాటను ఉత్తరంలో ఉన్నదున్నట్టు రాశారు: "రేపు నువ్వు ఎవరినైనా గుద్దితే ఇన్సూరెన్సు వాళ్ళు డబ్బు కడతారా, కట్టరా? అది చెప్పు ముందు." ఈయన దగ్గర జవాబు లేదు. "అమ్మాలంటే చేతులు రావట్లేదు. ఏం చేయమంటారు?" అని అడిగారు.

ముందు మీ భార్య ప్రశ్నకు జవాబు చెప్పి, తర్వాత కాలిఫోర్నియా సంగతికి వస్తాను. ఫ్రీమాంట్ వెళ్ళడానికి మీకింకా నెలన్నర ఉంది. ఆమె అడిగింది మాత్రం రేపు పొద్దున మీరు తాళాలు తీసుకున్నప్పుడే వచ్చే ప్రశ్న.

కలెక్టర్ ఇన్సూరెన్స్ ఎందుకు చవగ్గా వస్తుందో ఒక్కసారి చూడండి. మీ కారు పాతదని కాదు. రోజులో ఎక్కువ సేపు తాళం వేసిన గ్యారేజీలో ఉంటుందని, ట్రాఫిక్‌లో, ఆఫీసు పార్కింగ్‌లో ఉండదని మీరు మాటిచ్చారు కాబట్టి. ఆ మాటకు బదులుగా వాళ్ళు ఇచ్చేది ముందే ఒప్పుకున్న విలువ. మామూలు పాలసీలో కారు పోతే ఆ రోజుకి మార్కెట్లో దాని ధర ఎంతో లెక్కగట్టి ఇస్తారు. ముప్ఫై ఏళ్ళు దాటిన కారుకి ఆ లెక్క ఎలా తేలుతుందో మీరు ఊహించుకోగలరు. మీ పాలసీలో పద్నాలుగు వేలని రాసుకున్నారు, కారు పూర్తిగా పోతే పద్నాలుగు వేలే వస్తాయి. మధ్యలో 'స్టేటెడ్ వాల్యూ' అని ఇంకో రకం ఉంటుంది. మీరు చెప్పిన విలువ, మార్కెట్ ధర, రెండిట్లో ఏది తక్కువైతే అది ఇస్తారు. పేరు దగ్గరగా ఉండటంతో చాలామంది దాన్నే ఒప్పుకున్న విలువ అనుకుంటారు. మీ పాలసీ మొదటి పేజీలో ఏ మాట ఉందో ఇవాళే చూసుకోండి.

మీరు ఉత్తరమంతా మైళ్ళ గురించే బాధపడ్డారు. "మూడు వేలు దాటిపోయింది, తొమ్మిది వేలకు దగ్గరగా ఉంది" అని రెండు చోట్ల రాశారు. ఈ పాలసీల్లో చాలావాటికి మైళ్ళకంటే ముఖ్యమైనది దేనికి నడిపారన్నది. ఆదివారం టాప్ దించుకుని రెండొందల మైళ్ళు తిరిగొస్తే ఎవరూ ఏమీ అనరు. మంగళవారం ఆరు మైళ్ళ దూరంలోని ఆఫీసుకు వెళ్తే అది పాలసీ ఒప్పుకోని వాడకం. పైగా ఇంట్లో లైసెన్సు ఉన్న ప్రతి ఒక్కరికీ రోజూ వాడుకోవడానికి వేరే మామూలు కారు ఉండాలని చాలా కలెక్టర్ కంపెనీలు అడుగుతాయి. కామ్రీ పోయిన రోజే మీరు ఆ షరతు తప్పారు. కావాలని చేసింది కాదు, నాకర్థమైంది. కానీ క్లెయిమ్ చూసే మనిషి ముందుండేది మీ ఉద్దేశం కాదు, ఓడోమీటరు అంకె, ప్రమాదం జరిగిన చోటు, టైము.

మా వీధిలో ఒకాయనకు ఇది జరిగింది. ఆయన పాత కారు ఆఫీసు పార్కింగ్‌లో ఆగి ఉండగా వెనకనుంచి ఒక వ్యాన్ కొట్టింది. తప్పు పూర్తిగా వ్యాన్ వాడిదే. అయినా సొంత కంపెనీ నుంచి మొదట వచ్చిన ప్రశ్న, "పనిరోజు పొద్దున పదింటికి కారు అక్కడెందుకుంది?" అని. వ్యాన్ ఇన్సూరెన్సు వాళ్ళు చివరికి డబ్బు కట్టారు. ఆయన పాలసీని మాత్రం మళ్ళీ రెన్యూ చేయలేదు. అదృష్టం బాగుండి ఆయన ఎవరినీ గుద్దలేదు. గుద్ది ఉంటే, అవతలి మనిషి ఆస్పత్రి ఖర్చు దాకా వచ్చి ఉంటే, ఆ ప్రశ్నకు జవాబు చాలా ఖరీదయ్యేది. మీ భార్య భయం అదే, అది సరైన భయం. ఆమె హాస్పిటల్లో పనిచేస్తారు, ప్రమాదం తర్వాత బిల్లులు ఎలా వస్తాయో మీకంటే, నాకంటే దగ్గరగా చూసి ఉంటారు.

కాబట్టి ఈ ఒక్కదాంట్లో మీకు రెండో దారి చూపించలేను. రేపటి నుంచి ఆ కారులో ఆఫీసుకు వెళ్ళకండి. ఏజెంటుకు ఫోన్ చేసి, ఇంట్లో రెండో కారు లేదని, వాడకం మారిందని చెప్పండి. ఇన్నాళ్ళూ ఎలా నడిపారని అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పండి. కొన్నాళ్ళు మామూలు పాలసీలోకి మార్చమనొచ్చు, ప్రీమియం పెరగొచ్చు, ఒప్పుకున్న విలువ అన్న సౌకర్యం పోవచ్చు. మీ యాంటిక్ ప్లేట్ల సంగతీ ఇంతే. ప్రదర్శనలకు, క్లబ్బు కార్యక్రమాలకు, ఊరేగింపులకు ఇచ్చిన ప్లేట్లవి, రోజువారీ ప్రయాణానికి కాదు. టెక్సస్‌లో ఇరవై నాలుగేళ్ళు దాటిన కార్లకు ఎలాగూ పొగ పరీక్ష లేదు, కాబట్టి పరీక్ష కోసం ఆ ప్లేట్ల అవసరం మీకు ఎప్పుడూ లేదు.

ఇప్పుడు కాలిఫోర్నియా. అక్కడ లెక్క వేరు, మీ స్నేహితులు తడబడింది అందుకే. టెక్సస్‌లో పరీక్ష ఉన్న కౌంటీల్లో కూడా కారు వయసు పెరిగితే పరీక్ష దానంతటదే తప్పిపోతుంది. కాలిఫోర్నియాలో స్మాగ్ చెక్ 1984లో మొదలైంది. ఒకప్పుడు అక్కడా ముప్ఫై ఏళ్ళు నిండిన కార్లను వరసగా వదిలేసేవాళ్ళు. 2004లో చట్టం మార్చి ఆ గడియారాన్ని ఆపేశారు. 1975, అంతకు ముందు మోడళ్ళకే మినహాయింపు, 1976 నుంచి వచ్చిన పెట్రోలు కార్లు ఎంత ముసలివైనా రెండేళ్ళకోసారి పరీక్షకు వెళ్ళాల్సిందే. మీ 1993 మియాటా ఎన్నేళ్ళు ఆగినా వయసుతో ఆ గీత దాటదు.

మీ మొదటి స్నేహితుడి మాటలో సగం నిజం ఉంది. కలెక్టర్ కారుగా ఇన్సూర్ చేసిన, కనీసం 35 మోడల్ సంవత్సరాలు నిండిన కార్లకు కాలిఫోర్నియా చట్టంలో ఒక వెసులుబాటు ఉంది. అది పరీక్ష నుంచి మినహాయింపు కాదు. ఆ కార్లు మామూలు స్మాగ్ షాపుకు కాకుండా రెఫరీ అనే ప్రత్యేక తనిఖీదారు దగ్గరకు వెళ్తాయి. బానెట్ కింద ఏ భాగం ఉంది, ఏది మారింది అని అక్కడ లెక్కబెట్టరు. పెట్రోలు మూత బిగుతుగా ఉందా, ఇంధనం కారుతోందా అని చూస్తారు. సైలెన్సర్ నుంచి వచ్చే పొగ మాత్రం ఆ సంవత్సరం, ఆ తరగతి కారుకు పెట్టిన పరిమితిలోనే ఉండాలి. మీ కారుకు 35 నిండేది 2028లో. ఆ రోజుకి మీకు నిఖార్సయిన కలెక్టర్ పాలసీ ఉండాలి, పొగ కూడా శుభ్రంగా ఉండాలి.

ఆ పరీక్షను కూడా పూర్తిగా తీసేయాలని 2025లో సెనేటర్ షానన్ గ్రోవ్ ఎస్‌బీ 712 అనే బిల్లు పెట్టారు. పాత కార్లంటే ప్రాణం పెట్టే టీవీ హాస్యనటుడు జే లెనో దానికి అండగా నిలబడటంతో దానికి 'లెనో చట్టం' అన్న పేరు పడింది. మీ స్నేహితుడు ఆ వార్త చదివి చట్టం వచ్చేసిందనుకుని ఉంటారు. ఆ ఆగస్టులో అసెంబ్లీ అప్రోప్రియేషన్స్ కమిటీలో అది ఆగిపోయింది. ఇలాంటి బిల్లు ఎప్పటికైనా వస్తుందన్న ఆశ మీద ఇల్లు మారే ప్లాను వేసుకోకండి.

ఇక హిస్టారికల్ ప్లేటు. అది స్మాగ్ నుంచి తప్పించదు, అంతే. 1976, ఆ తర్వాతి కారుకి ఏ ప్లేటు తగిలించినా పరీక్ష పరీక్షే.

మూడో స్నేహితుడి సలహా ఆపేక్షతో ఇచ్చిందే, కానీ అదే మీకు ఎక్కువ నష్టం చేసేది. కాలిఫోర్నియాలో కాపురం పెట్టిన ఇరవై రోజుల్లో కారును అక్కడ రిజిస్టర్ చేయాలి. చేయకపోతే జరిమానాలు ఒక ఎత్తు. ఫ్రీమాంట్‌లో నిలిపే కారును ఫ్రిస్కోలో ఉన్నట్టు ఇన్సూరెన్సుకి చెప్పడం ఇంకో ఎత్తు. కారు ఎక్కడ నిలుస్తుందన్న దాని మీదే వాళ్ళు ప్రీమియం లెక్కగడతారు. అది అబద్ధమని తేలిన రోజున మీ భార్య ప్రశ్న మళ్ళీ మొదటికొస్తుంది, ఈసారి అందులో మీ స్నేహితుడి పేరూ ఉంటుంది.

మీ కారు ఇప్పుడున్న స్థితిలో స్మాగ్ పాసవుతుందా అంటే, కాదనే నా అంచనా. ఎందుకో చెప్తాను. ఫ్రీమాంట్ ఉన్న అలమీడా కౌంటీలో 1999, అంతకు ముందు కార్లను రోలర్ల మీద ఎక్కించి, గంటకు పదిహేను మైళ్ళ వేగంలో ఒకసారి, పాతిక మైళ్ళ వేగంలో ఒకసారి పొగ కొలుస్తారు. హైడ్రోకార్బన్లు, కార్బన్ మోనాక్సైడ్, నైట్రోజన్ ఆక్సైడ్లు, మూడూ చూస్తారు. మన ఊళ్ళో పెట్రోలు బంకు పక్కన గొట్టంలో పైపు పెట్టి పొల్యూషన్ కాగితం చేతికిచ్చే పనిలా ఉండదది. బానెట్ ఎత్తి భాగాలు కూడా చూస్తారు. కాలిఫోర్నియా ఎయిర్ రిసోర్సెస్ బోర్డు ఇచ్చిన ఈఓ నంబరు, అంటే అనుమతి నంబరు, లేకుండా బయట కొని పెట్టిన హెడర్, గాలి లోపలికి తీసుకునే ఇన్‌టేక్, క్యాటలిటిక్ కన్వర్టర్ కనిపిస్తే పొగ ఎంత శుభ్రంగా ఉన్నా ఫెయిలే. మీ కోన్ ఫిల్టరుకి మందు అటక మీద అట్టపెట్టెలోనే ఉంది, దాన్ని ఎవరికీ ఇచ్చేయకండి. హెడర్ బదులు కంపెనీ మొదట పెట్టిన మానిఫోల్డ్ వెతకాలి, లేదా ఈఓ నంబరున్నది కొనాలి. కన్వర్టర్ మార్చక తప్పదు, ఖర్చులో పెద్ద వాటా దానిదే.

ఇంకో చిన్న సంగతి, మియాటా వాళ్ళకు బాగా తెలిసింది. 1.6 లీటరు ఇంజన్‌కి కంపెనీ పెట్టిన ఇగ్నిషన్ టైమింగ్ పది డిగ్రీలు. కొంచెం చురుగ్గా పరిగెత్తాలని చాలామంది పద్నాలుగుకి జరుపుతారు. మీ పాత ఓనరు హెడర్ పెట్టించాడంటే ఇదీ చేసే ఉంటాడు. బానెట్ కింద డయాగ్నస్టిక్ అని రాసున్న చిన్న నల్ల డబ్బా మూత తీసి, అందులో టెన్, గ్రౌండ్ అన్న రెండు రంధ్రాలనూ ఓ తీగ ముక్కతో కలిపి, టైమింగ్ లైటు పట్టి చూస్తే ఎక్కడుందో కనిపిస్తుంది. టైమింగ్ ముందుకు జరిగితే నైట్రోజన్ ఆక్సైడ్లు పెరుగుతాయి, టెక్నీషియన్ టైమింగ్ కూడా చూస్తాడు. పది దగ్గరకు తిప్పడానికి ఒక బోల్టు వదులు చేయడమే పని. పరీక్షకు వెళ్ళే ముందు అరగంట హైవే మీద నడిపి కారుని వేడిగా తీసుకెళ్ళండి, చల్లటి కన్వర్టర్ పని చేయదు. మొదటిసారి ప్రీ-టెస్ట్ చేయమని అడగండి. అది అధికారిక లెక్కలోకి రాదు, ఎక్కడ తప్పుతోందో మీకు మాత్రం తెలుస్తుంది.

ఇంత చదివాక మీకు నాలుగు దారులు కనిపించాలి.

కారుని వెంట తీసుకెళ్ళి, అది మొదట ఎందుకు కొన్నారో అలాగే ఉంచుకోవడం ఒక దారి. దీనికి ఫ్రీమాంట్‌లో తాళం వేసుకునే గ్యారేజీ ఉన్న ఇల్లు కావాలి. ఎదురుగా కార్‌పోర్ట్, అంటే గోడలు లేని షెడ్డు, ఉందంటే చాలా కలెక్టర్ పాలసీలకు సరిపోదు. ఆఫీసుకు వెళ్ళడానికి ఇంకో కారు, పాత కరోలా అయినా సరే, కావాలి. బార్ట్ రైల్లో వెళ్తానంటే ఒప్పుకుంటారేమో కంపెనీని రాతపూర్వకంగా అడగండి, ఫోన్‌లో చెప్పిన మాట చాలదు. స్మాగ్‌కి కావాల్సిన మార్పులకు ఖర్చవుతుంది. నిజం చెప్పాలంటే నాలుగింట్లో ఇదే ఎక్కువ డబ్బు అడిగే దారి. నాకిష్టమైనదీ ఇదే. కానీ బే ఏరియా అద్దెలు కట్టేది నేను కాదు.

మామూలు ఇన్సూరెన్స్ తీసుకుని రోజూ అదే నడుపుకోవడం రెండోది. ఇందులో దాచేదేమీ ఉండదు. స్మాగ్ ఎలాగూ తప్పదు. కారు పోతే ఒప్పుకున్న విలువ రాదు, 2028లో వచ్చే వెసులుబాటూ మీకు వర్తించదు. ముప్ఫై ఏళ్ళు దాటిన, సైడ్ ఎయిర్‌బ్యాగులు లేని చిన్న కారులో 880 హైవే మీద లారీల మధ్య రోజూ వెళ్ళడం గురించి మీ భార్య ఏమంటారో కూడా అడగండి.

మూడోది, కారుని నిజంగానే టెక్సస్‌లో వదిలేయడం. స్నేహితుడు చెప్పినదానికీ దీనికీ తేడా ఒక్కటే, కానీ అది చాలా పెద్ద తేడా. ఇందులో కారు కాలిఫోర్నియా రోడ్డెక్కదు. ఆయన గ్యారేజీలోనే ఉంటుంది, కంపెనీకి ఆ అడ్రసు, ఆయన అప్పుడప్పుడు స్టార్ట్ చేసి తిప్పుతారన్న సంగతి, అన్నీ చెప్తారు. మీరు ఫ్రిస్కో వెళ్ళినప్పుడు నడుపుకుంటారు. ఏడాదో రెండేళ్ళో ఇలా ఉంచి, ఫ్రీమాంట్‌లో గ్యారేజీ ఉన్న ఇల్లు దొరికాక తెచ్చుకోవచ్చు. తెచ్చుకుని వెంటనే నడపలేకపోతే కాలిఫోర్నియాలో నడపని వాహనంగా నమోదు చేసే పద్ధతి కూడా ఉంది. అలా ఉన్నన్నాళ్ళూ స్మాగ్ అడగరు. కానీ వీధిలో నిలపడానికి కూడా వీల్లేదు. కారు పెట్టుకోవడానికి సొంత చోటు లేకుండా ఆ పద్ధతి మీకు పనికిరాదు.

నాలుగోది అమ్మడం. ఆ నిర్ణయానికే వస్తే, వెళ్ళకముందే ఫ్రిస్కోలో అమ్మండి. అక్కడ కొనేవాళ్ళకు ఈ హెడర్, ఈ కన్వర్టర్ అడ్డం కావు. కాలిఫోర్నియా తీసుకెళ్ళాక అమ్మాలంటే స్మాగ్ సర్టిఫికెట్ తెచ్చివ్వాల్సిన బాధ్యత అమ్మేవాడిదే. అంటే పోగొట్టుకునే కారు మీద ఆ ఖర్చంతా మీరే పెట్టాలి.

నాన్నగారి గురించి రాసినది రెండుసార్లు చదివాను. ఆ కండువా వెతికిన రోజు గురించి మీ భార్యకు తెలుసో లేదో ఉత్తరంలో లేదు. ఆమెకు ఈ కారు ఇప్పుడు ఏడు నెలలుగా కంపెనీకి చెప్పకుండా దాచిన ఒక ఇన్సూరెన్స్ సమస్యగానే కనిపిస్తోంది. ముందు ఏజెంటుతో మాట్లాడి, ఆమె ప్రశ్నకు జవాబు పట్టుకుని వెళ్ళండి. తర్వాత నాన్నగారి మాట చెప్పండి. వరస తిరగేస్తే, డబ్బు సంగతి తప్పించుకోవడానికి నాన్నగారిని అడ్డం పెట్టుకున్నారని ఆమెకు అనిపించే ప్రమాదం ఉంది.

ఈ శనివారం ఒక పని చేయండి. బానెట్ ఎత్తితే దాని లోపలి వైపునో ఇంజన్ దగ్గరో ఉద్గారాల లేబుల్ ఒకటి అతికించి ఉంటుంది. దాని మీద కారు కాలిఫోర్నియా ప్రమాణానికి తయారైందా, ఫెడరల్ ప్రమాణానికా అన్నది రాసుంటుంది. లేబుల్ చిరిగిపోకుండా ఉందేమో చూసి ఫొటో తీయండి. హెడర్, కన్వర్టర్ మీద నంబర్లేమైనా ఉంటే అవీ తీయండి. అట్టపెట్టె కిందికి దించి అందులో ఏమేమున్నాయో ఒక కాగితం మీద రాయండి. ఆ ఫొటోలు, ఆ కాగితం ఫ్రీమాంట్‌లోని ఏదైనా స్మాగ్ షాపుకు పంపి, రిపేరుకి ఎంతవుతుందో అడగండి. ఆ అంకె చేతికొచ్చాక ఇద్దరూ కూర్చుని ఈ నాలుగు దారుల్లో ఏది మీకు మోయగలిగినదో మాట్లాడుకోండి. మళ్ళీ రాయండి, ఎదురుచూస్తాను.